పైపోర్షన్‌లో చేపలు

నాచారంలో ఆ రెండంతస్తుల ఇల్లు లేపడానికి ఉప్పలమ్మకూ చెన్నయ్యకూ పద్దెనిమిదేళ్లు పట్టింది. చెన్నయ్యది సీసాల ఫ్యాక్టరీలో నైట్‌షిఫ్టు. ఉప్పలమ్మ ఉప్పల్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. కింద తాము ఉండి, పైపోర్షన్‌ను తేజేష్ అనే ముప్పై ఏళ్ల పెళ్లికాని మనిషికి అద్దెకిచ్చారు. ఇంట్లోంచే కంప్యూటర్ పని చేస్తానన్నాడు. తాగడు, దోస్తులను పోగెయ్యడు. మంచివాడు దొరికాడని ఉప్పలమ్మ అనుకుంది.

ఆరో నెలలో పడకగది కప్పు మీద అరచేయంత చెమ్మ కనిపించింది. పది రోజుల్లో అది చాపంత అయింది. ఉప్పలమ్మ పైకి వెళ్లి తలుపు కొట్టింది. తేజేష్ తలుపు సందులోంచి తల మాత్రమే బయటికి పెట్టాడు.

"మీ పైపులు పాతయి ఆంటీ. ప్లంబర్‌ను పిలిపించున్రి."

అతని వెనక ఏదో బుడబుడమని చప్పుడు. ఉప్పలమ్మ తలుపు నెట్టుకుని లోపలికి నడిచింది.

గదిలో మంచం లేదు. గోడల పొడవునా ఇనుప స్టాండ్లు, వాటి మీద మూడు వరసల్లో గాజుతొట్లు. నలభైకి పైనే ఉన్నాయి. వాటి నిండా ఎర్రవీ, పసుపువీ చేపలు. నేలంతా తడి. తొట్లలో నీళ్లు మార్చినప్పుడల్లా బయటికి పోవడానికి గోడ అడుగున గునపంతో బొక్క కొట్టి పైపు దూర్చాడు. మూలన కల్లుప్పు సంచులు.

"ఏంది ఇదంతా? కంప్యూటర్ పని అని చెప్పినవ్ గద?"

"కంప్యూటర్ మీదనే అమ్ముత. ఆన్‌లైన్‌ల."

"ఈ ఉప్పెందుకు?"

"చేపలకు రోగం రాకుండ నీళ్లల్ల కలుపుత."

"ఆ ఉప్పునీళ్లే నా స్లాబులకు దిగుతున్నయ్. ఇయ్యాల్నే తీసెయ్ ఇవన్నీ."

తేజేష్ ఆమె వంక చూసి నవ్వాడు. "అగ్రిమెంట్ పదకొండు నెలలది ఆంటీ. చేపలు పెంచొద్దని అందుల యాడ రాసిన్రు? ఇష్టం లేకుంటే కోర్టుకు పోన్రి."

ఆ రోజు నుంచి అతను ఆంటీ అనడం మానేశాడు, ఆమె అతని పేరు పలకడం మానేసింది. మెట్ల మీద ఎదురైతే అతను కావాలనే నీళ్ల బకెట్టు ఒలకబోసుకుంటూ దిగేవాడు. ఒకసారి ఆమె చెమ్మ ఫోటోలు తీసి ఫోన్‌లో పంపితే, బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి తిరిగి పంపాడు. చెన్నయ్య మాత్రం, "ఇంకెన్ని నెలలు, ఓర్సుకో," అనేవాడు.

మే నెలలో ఒక ఆదివారం చెన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి, తిని పడుకున్నాడు. పదకొండు గంటలకు ఉప్పలమ్మ వంటింట్లో ఉండగా పడకగదిలోంచి బండ పడ్డ చప్పుడు వచ్చింది. పరుగెత్తి చూస్తే కప్పు మీది పెచ్చు ఒకటి ఊడి మంచం మీద పడింది. చెన్నయ్య దుమ్ములో కూర్చుని భుజం పట్టుకుని ఉన్నాడు. ఇంకో జానెడు ఇటు పడితే తల మీదే పడేది.

రామంతాపూర్‌లో దవాఖానాకు తీసుకెళ్తే భుజం దగ్గర ఎముక చిట్లిందన్నారు. కట్టు కట్టించి రెండింటికి ఇంటికి తెచ్చింది. పైన తాళం. తేజేష్‌కు ఫోన్ చేసింది.

"నా మొగని మీద స్లాబు పడ్డది. భుజం ఇరిగింది."

"ఇల్లు సక్కగ కట్టుకోకుంటే నేనేం జేయాలె? నేను దూరంల ఉన్న, బిజీ," అని పెట్టేశాడు.

ఉప్పలమ్మ ఫోన్ పట్టుకుని కాసేపు మెట్ల కింద నిలబడింది. ఎదురుగానే కరెంటు మీటర్లు. పైపోర్షన్ స్విచ్చి కిందికి లాగింది. ఇన్ని నెలలుగా ఆగని బుడబుడ చప్పుడు ఆగిపోయింది. నీళ్లలోకి గాలి కొట్టే మోటార్లు ఆగితే ఆ ఎండకు తొట్లలో చేపలు బతకవని ఆమెకు తెలుసు. తెలిసే లాగింది.

ఆరింటికి తేజేష్ వచ్చాడు. పైకి వెళ్లిన రెండు నిమిషాలకు అతని అరుపు గల్లీ అంతా వినిపించింది. చచ్చిన చేపలను బకెట్టుతో తెచ్చి ఆమె గడప ముందు గుమ్మరించాడు.

"నువ్వు మనిషివేనా?"

"నా మొగడు సచ్చుంటే నువ్వు వస్తుంటివా సూడనీకి?" అంది ఉప్పలమ్మ. గొంతు పెంచలేదు.

మర్నాడు ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. ఎస్సై ఫోటోలు చూశాడు, చెన్నయ్య కట్టు చూశాడు. తప్పు ఇద్దరిదీ ఉందన్నాడు. పది రోజుల్లో ఖాళీ చెయ్యమని తేజేష్‌తో రాయించుకుని పంపించాడు. తేజేష్ ఏడో రోజే వెళ్లిపోయాడు. పోతూ పోతూ వాష్‌బేసిన్ పగలగొట్టాడు, బాత్రూం తూములో సిమెంటు కలిపి పోశాడు.

మేస్త్రి వచ్చి కప్పు గీకి చూస్తే లోపలి ఇనుప సీకులు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలాయి. సగం స్లాబు కొట్టి మళ్లీ పొయ్యాలన్నాడు. చెన్నయ్య చెయ్యి మెడకు వేలాడేసుకుని ఆ పనంతా చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి మాత్రం, "వానితోని పంచాయితీ ఉంటే వానితోని పెట్టుకోవాలె. చేపలకేం ఎరుక, ఎవరింట్ల ఉన్నయో," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఉప్పలమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆగస్టులో ఘట్‌కేసర్‌లో పెళ్లికి వెళ్తుంటే షేర్ ఆటో అన్నోజిగూడలో ఆగింది. రోడ్డు పక్కన కొత్త ఇల్లు, గేటు ముందు ట్రాలీ. ట్రాలీలోంచి గాజుతొట్టి దించుతున్నది తేజేష్. ఒక పెద్దాయన గేటు తెరిచి పట్టుకుని, తొట్టి తగలకుండా చూసుకోమంటున్నాడు. ఉప్పలమ్మ ఆటో దిగి నేరుగా ఆయన దగ్గరకు వెళ్లింది.

"అన్నా, ఈయనకు ఏ ఫ్లోర్ ఇచ్చిన్రు?"

"పైన. ఏమమ్మా?"

"ఈయన ఉప్పునీళ్లకు మా స్లాబు కూలి, మా ఆయన భుజం ఇరిగింది. ఏం జేస్తడో అడిగి, అప్పుడు ఇయ్యున్రి."

తేజేష్ తొట్టి కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది. "ఈమె మాటలు నమ్మకున్రి సార్. కరెంటు బంద్ జేసి నా చేపలన్నిటినీ సంపింది. అడగున్రి, అవునో కాదో."

పెద్దాయన ఉప్పలమ్మ వైపు తిరిగాడు.

"అవును," అంది ఆమె. "సంపిన. నేను చెప్పింది అబద్ధమేమో ఆయన్ను అడగున్రి."

తేజేష్ వంగి మళ్లీ తొట్టి అందుకోబోయాడు. పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన కొత్త ఇంటి మేడ వైపు తలెత్తి చూసి, గేటు రెక్కను మెల్లగా దగ్గరకు వేశాడు.

"సామాన్ బయటనే ఉండనీ బాబూ. జర మాట్లాడుకుందాం."

ఆటో అతను హారన్ కొట్టాడు. ఉప్పలమ్మ వెనక్కి వచ్చి ఎక్కి కూర్చుంది. వెనక నుంచి తేజేష్ ఏదో తిట్టాడు. ఆమె తల తిప్పలేదు.