మూడు మెట్ల మీద నా బతుకు

నేను ఒక బొబ్బిలి వీణను. ఒకే పనస దుంగలోంచి నన్ను తొలిచారు. నా ఇరవై నాలుగు మెట్లనూ మైనంలో కుదిర్చి, ఒక్కొక్క స్వరం సరిచూడటానికి అప్పలనరసయ్య మేస్త్రికి రెండు రోజులు పట్టింది. కొనుక్కున్న భ్రమరాంబకు నన్ను అప్పగిస్తూ ఆయన ఒక్క సంగతే చెప్పాడు. "ఎండలో పెట్టకమ్మా. మైనం మెత్తబడిపోద్ది, మెట్లు జారిపోతాయి."

భ్రమరాంబ విశాఖపట్నంలో సంగీతం పంతులమ్మ. పదేళ్లు నన్ను పసిపిల్లలా చూసుకుంది. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, ఓ జాజ్ ఫ్యూజన్ బ్యాండులో చేరింది. డ్రమ్స్, బేస్ గిటార్, శాక్సఫోన్, వాటి మధ్యన నేను. నా కడుపుకి మైకు అంటించారు. అయినా ఆర్నెల్లపాటు నా గొంతు నాకే వినపడలేదు. బ్యాండు పెద్ద నిహాల్ కీబోర్డు వాయిస్తాడు. మర్యాదస్తుడు కాబట్టి మర్యాదగానే చెప్పాడు. "అక్కా, బీచ్ ఫెస్టివల్లో నాలుగు నిమిషాలు మీ ఒక్కరికే. అదీ జనానికి ఎక్కకపోతే, వీణ సౌండ్ నా కీబోర్డులోనే ఉంది."

ఫెస్టివల్ రోజు మధ్యాహ్నం రెండింటికే సౌండ్ చెక్. నన్ను చెక్క స్టాండుకి బెల్టుతో బిగించి, అన్నీ సరిచూసి, సౌండు చూసే ఆయన గట్టిగా చెప్పాడు. "ఇంక దేన్నీ కదపకండి మేడమ్. కదిపితే మళ్లీ మొదటికొస్తాం." భ్రమరాంబ ప్రాణమంతా ఆ నాలుగు నిమిషాల మీదే ఉంది. సరేనంది. పైగా ఇసుక పడుతుందని నా మీద నల్లగుడ్డ కప్పి మరీ వెళ్లింది. మండే ఎండలో నల్లగుడ్డ! అరుద్దామంటే నోరు లేదు, కదులుదామంటే బెల్టు. సాయంత్రానికి నా మెట్లు ఒక్కొక్కటే పక్కకి ఒరిగాయి. స్పీకరు నీడలో ఉన్న మొదటి మూడు మాత్రం నిలిచాయి.

మొదటి రెండు పాటల్లో డ్రమ్స్ హోరుకి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఆమెకి కూడా. తర్వాత మా నాలుగు నిమిషాల కోసం అందరూ ఆపారు. భ్రమరాంబ నాలుగో మెట్టు మీద గాంధారం మీటింది. అది గాంధారం కాదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వేళ్లతో పై మెట్లకి పాకి చూసింది, అక్కడా అంతే. వెనక్కొచ్చి ఆ మూడు మెట్ల దగ్గరే ఆగింది. తీగని తెగేలా లాగి, ఒక్కో మెట్టు మీద నాలుగేసి స్వరాలు పిండింది. పీక నొక్కితే వచ్చే గొంతు వచ్చింది నాకు. జనం దాన్ని ఆర్తి అనుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నిహాల్ పరుగున వచ్చాడు. "అక్కా, ఇదే మన సౌండ్!"

"మెట్లు జారిపోయాయి బాబూ," అంది ఆమె.

"అయితే బాగు చేయించకండి!"

మూడేళ్లయింది. హైదరాబాదు, బెంగళూరు, పుణె అన్నీ తిప్పారు. బొబ్బిలి మాత్రం తీసుకెళ్లలేదు. ప్రతి ఊళ్లోనూ అవే మూడు మెట్లు, అదే ఆర్తి.

మొన్న ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు భ్రమరాంబ నన్ను ఒళ్లోకి తీసుకుంది. నాలుగో మెట్టు మీద వేలుంచి మీటింది. తప్పే పలికాను. ఇంకోసారి మీటింది. మళ్లీ అదే.

"పోనీలే, బ్యాండులో మన చోటు మనకి నిలిచింది కదా," అంది. కొంగుతో నా మెట్లు తుడిచింది, ఇరవై నాలుగూ. తర్వాత పెట్టెలో పెట్టి మూత బిగించింది.