నాలుకకు తెలియని ఉప్పు

లక్ష్మీరాజం నాలుక మీద సూరత్ పక్కన సచిన్‌లోని ఆ రంగుల మిల్లులో అందరికీ గురి. గుడ్డకు రంగు పట్టించే ఉప్పు మూట చీటీ ఊడి వస్తే ల్యాబ్ దాకా ఎవరూ పోరు. చిటికెడు నోట్లో వేసుకుని ఆయనే తేల్చేస్తాడు. చేదుగా తగిలితే గ్లాబర్ ఉప్పు, లేకపోతే మామూలు ఉప్పు. మనిషికి ఆ మాత్రం గర్వం ఉండొచ్చు, ఆయనకు ఇంకాస్త ఎక్కువే ఉండేది.

నిన్న కూడా అలాగే ఒక మూట విప్పి రుచి చూశాడు. ఉప్పగా ఉంది. తాముండే గోడాదరాలోని గుడిలో పద్మశాలి సంఘం ఈరోజు చేసే మార్కండేయ స్వామి భోజనాలకు ఉప్పు ఇవ్వడం ఆయన మొక్కు. మేస్త్రీని అడిగి అందులోంచి సంచి నింపుకుని, వంటలు చూసుకునే భార్య సంధ్యారాణికి ఇచ్చాడు.

ఈరోజు ఆ మూట కలిపిన తొట్లో గుడ్డకు రంగు ఎక్కలేదు. మేస్త్రీ చిరాకుపడి గుప్పెడు ఉప్పు ల్యాబ్‌కు పంపాడు. తీసుకెళ్లింది లక్ష్మీరాజమే. అక్కడ పనిచేసే విజయశ్రీ సూరత్‌లోనే పెరిగిన తెలుగు పిల్ల. ఉప్పు నీళ్లలో కరిగించి బేరియం మందు చుక్క వేసింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"గ్లాబర్ కాదు కాకా. అదైతే పాలలెక్క తెల్లగైతుండె."

"నేను నిన్ననే చెప్పిన గద! నీ సీసాలన్నీ బేకార్."

ఆమె నవ్వి, ఇంకో చిటికెడు మీద యాసిడ్ పోసింది. బుసబుసా పొంగి, గొట్టంలోంచి ఇటుక రంగు పొగ లేచింది. విజయశ్రీ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఉప్పుకు పొగ రాదు. ఇది నైట్రైట్, కొత్త రంగుకు తెప్పించిన్రు. రుచి ఉప్పులెక్కనే ఉంటది గాని జహర్ కాకా! రక్తంల గాలి అందక పెదవులు నీలంగైతయ్. జల్ది దవాఖానకు తీస్కపోకుంటే పానం పోతది."

భోజనాలకు ఇచ్చిన సంచి గుర్తొచ్చి లక్ష్మీరాజం ఫోన్ తీశాడు. సంధ్యారాణి ఎత్తలేదు. గుడి దగ్గరికి అంబులెన్స్ పిలవమని విజయశ్రీకి చెప్పి బండి తీశాడు. దారంతా ఒకటే ఆశ. స్వామికి నైవేద్యం కానిదే సంఘంలో ఎవరూ మెతుకు ముట్టరు.

ఆయన వెళ్లేసరికి డప్పులు మోగుతున్నాయి. విస్తళ్లు ఖాళీగా ఉన్నాయి, హారతి ఇంకా కాలేదు. గుండె కుదుటపడింది.

"ఎవ్వరు తినలే గద?" అని అరిచాడు.

"నైవేద్యం గాకుండ ఎట్ల తింటరు?" అంది సంధ్యారాణి. "పోరగాండ్లు ఆకలికి ఆగుతలేరని ఉప్పేసి జర మజ్జిగ పోసిన. మజ్జిగకు పట్టింపేంది?"

ఆయన గుడి మెట్ల వైపు చూశాడు. పిల్లలు అల్లరి మాని, తలలు వాల్చి కూర్చున్నారు. కూతురు సుమన పెదవులు నేరేడు పళ్లు తిన్నట్టున్నాయి. "బాపూ, కండ్లు తిరుగుతున్నయ్," అంది.

అంబులెన్స్ ఇంకా రాలేదు. లక్ష్మీరాజం కూతుర్ని భుజాన వేసుకుని రోడ్డు వైపు పరుగెత్తబోయి ఆగిపోయాడు. ఆయన ఎత్తుకోగలిగింది ఒక్క పిల్లనే. మెట్ల నిండా పిల్లలున్నారు.