తడి గోనె కింది ఎండ

మండలాఫీసు వెనక నాలుగు కాళ్ళ మీద నిలబడిన తెల్లపెట్టెకు తిప్పయ్య చేసిన సేవ కన్నతల్లికి కూడా చేసి ఉండడు. ఆయన ఆ ఆఫీసులో అటెండరు. ఆరేళ్ళ కిందట ఇంజనీరు విజయభాస్కర్ జీపులో వచ్చి ఆ పెట్టెను నాటించాడు. లోపలున్న యంత్రం ఎండ ఎంతుందో గంటగంటకూ పైకి చెబుతుందనీ, చాలా సున్నితమైనదనీ, కంటికి రెప్పలా చూసుకోవాలనీ చెప్పి వెళ్ళిపోయాడు. కంటికి రెప్పలా చూసుకోవడం ఈ మెట్టలో పుట్టినవాడికి ఒకరు నేర్పాలా? ఇక్కడ ఎండాకాలంలో ఏది పాడుకాకూడదనుకుంటే దానిమీద తడి గోనెసంచి పడుతుంది. నీళ్ళ కుండకు గోనె, తమలపాకుల బుట్టకు గోనె, కోళ్ళ గంపకు గోనె. ఉగాది వెళ్ళగానే తిప్పయ్య పెట్టె మీద రెండు గోనెలు కప్పి, పూటపూటకూ చెంబుతో తడిపేవాడు. తొలకరి చినుకు పడ్డాకే తీసేవాడు. ఇంజనీరు తనిఖీకి ఏటా డిసెంబరులో వచ్చేవాడు. ఎండను కొలిచే యంత్రాన్ని ఎండలో వచ్చి చూడాలని ఏ చట్టంలోనూ రాయలేదు మరి.

అందువల్ల కదిరిలో నలభై మూడు, గోరంట్లలో నలభై రెండు డిగ్రీలున్న నాడు ఈ మండలంలో ముప్పై ఆరే ఉండేది. ఇంత చల్లదనం ఎట్లా వచ్చిందని పైవాళ్ళు ఆరా తీస్తే, తాము నాటించిన పదివేల మొక్కల వల్లేనని ఆఫీసువాళ్ళు రాసి పంపారు. ఆ మొక్కల్లో బతికి బట్టకట్టినవి కాగితం మీదవే. అయినా ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని గోడకు తగిలించడానికి మేకు కొట్టింది కూడా తిప్పయ్యే.

ఇంతవరకూ ఎవరి సొమ్మూ పోలేదు. కానీ ఆ అంకె మీదే ఊళ్ళో కరువు పని, అంటే ఉపాధి హామీ తవ్వకాల వేళలు నడుస్తాయి. ఆనాటి ఎండ ఆ చోటి సాధారణాన్ని నాలుగున్నర డిగ్రీలు మించితే కూలీల చేత పని చేయించే మేటు ఫోనుకు హెచ్చరిక వస్తుంది, పదిగంటలకే కూలీలను ఇళ్ళకు పంపాలి. మించకపోతే ఒంటిగంట దాకా తవ్వాలి. సాధారణమంటే ఆ పెట్టె ఇన్నేళ్ళుగా చెప్పిన అంకెల సగటు. గోనె కింద పుట్టిన సగటుకూ, గోనె కింద కొలిచిన ఎండకూ తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక్క వేసవిలోనూ ఒక్క హెచ్చరికా రాలేదు.

ఈ సంగతి తిప్పయ్యకు తెలియదు. ఆయన భార్య గంగాదేవి ఊరిబయట నీటికుంట తవ్వకంలో పనిచేస్తుంది. మే నెలలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం నెత్తిన మట్టిగంపతోనే ఒరిగిపోయింది. ఆటోలో కదిరికి తీసుకుపోయి రెండు సీసాలు ఎక్కించారు. మూడోనాటికే మళ్ళీ గంప పట్టుకుని బయలుదేరింది. రోజుకు తవ్వాల్సిన మట్టికి గుంపుకంతా కలిపి ఒకటే కొలత. ఒకరు మానితే ఆ మట్టి తక్కినవాళ్ళ నెత్తిన పడుతుంది.

"పదిగంటలకే ఏమిటికి ఇడ్సలేదని మేటు జయరాముడ్ని అడిగితి," అంది గడప దాటుతూ. "ఎండ సాధారణమని ఫోన్లో వచ్చిండాదంట. ఆ సాధారణం ఎవురో గానీ, ఒగదినం ఈడికొచ్చి గంప ఎత్తమను."

తిప్పయ్య ఆఫీసుకు పోయి కంప్యూటరు ముందు కూర్చునే వనజాక్షిని సాధారణమంటే ఏమిటని అడిగాడు. ఆమె చెప్పింది. నిన్న మన పెట్టె ముప్పై ఆరున్నర చూపించిందనీ, సాధారణం ముప్పై ఆరనీ, తేడా అరడిగ్రీయేననీ తెర మీద వేలు పెట్టి మరీ చూపించింది. ఆమె కిటికీలోంచి రోజూ ఆ గోనెలు కనిపిస్తూనే ఉన్నాయి. ప్రభుత్వమే కప్పించిందనుకుంది.

తిప్పయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. గోనెల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పొద్దున తాను పోసినవే. తన చేతులతో తానే పెళ్ళాన్ని ఎండకు అప్పగించానని ఆయనకు అప్పుడు అర్థమైంది. నేరుగా వెళ్ళి ఆ గోనెలు రెండూ లాగి పారేశాడు.

మర్నాడు తొమ్మిదికల్లా వనజాక్షి తెర ఎర్రబడింది. ఆ వేళకుండాల్సిన సాధారణం కన్నా ఏడు డిగ్రీలు ఎక్కువ. పిల్ల పుట్టిందన్న కబురు విన్నంత సంబరపడ్డాడు తిప్పయ్య. పదయింది, పదకొండయింది, హెచ్చరిక రాలేదు. వనజాక్షి పైకి ఫోను చేసి కనుక్కుంది. ఒక్కరోజులో ఎండ అంత పెరగడం అసాధ్యం కాబట్టి యంత్రమే చెడిపోయి ఉంటుందని కంప్యూటరు తీర్మానించిందట. ఆ అంకెను కొట్టేసి, దాని స్థానంలో సాధారణాన్నే ఆనాటి ఎండగా వేసుకుందట. ఆ దినం కూడా కుంటలో ఒంటిగంట దాకా తవ్వారు.

రెండురోజులకు విజయభాస్కర్ వచ్చాడు. మే నెలలో రావడం ఆయనకు అదే మొదలు. జీపు దిగి పెట్టెదాకా నడిచేలోపే చొక్కా ఒంటికి అతుక్కుంది. తిప్పయ్య చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు నాది సార్. ఎండకు చెడిపోతాదని నేనే తడిగోనె కప్పితి. అది ఇప్పుడు చెప్పేదే నిజం. నన్ను పనిలోంచి తీసినా సరే, హెచ్చరిక ఇప్పించండి."

ఇంజనీరు చెడ్డవాడు కాదు, రూలు తెలిసినవాడు. ఆయన జీపులో ఏసీ వేసుకుని కూర్చుని కాసేపు ఆలోచించి, అద్దం దించాడు.

"నువ్వు చెప్పింది నిజమైతే పాత లెక్కలన్నీ కొట్టేయాల తిప్పయ్యా. కొట్టేస్తే ఈ మండలానికి సాధారణమే ఉండదు. సాధారణం లేకుండా ఎండ ఎంత మించిందని చెప్పేది? మళ్ళీ అయిదు వేసవులు కొలవాల."

"అంతదాకా సార్?"

"అంతదాకా హెచ్చరికలుండవు," అని అద్దం ఎక్కించుకున్నాడు.

తిప్పయ్య అట్నుంచి అటే కుంటకు పోయాడు. గంగాదేవి గంప నింపుకుంటోంది. గోనె సంగతి, ఇంజనీరు మాట, దాచకుండా అన్నీ చెప్పాడు. ఆమె నిలబడి విన్నది. "అయిదేండ్లా," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు ఏడుపొచ్చింది. ఆమె చేతిలోని గంప లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు.

మేటు జయరాముడు గట్టుమీంచి దిగి వచ్చాడు. "నీ పేరు మస్టర్లో లేదు తిప్పన్నా. నువ్వు మోసేది లెక్కకు రాదు."

"ఈ ఎండ మాత్రం ఏ లెక్కకొచ్చిండాదప్పా," అన్నాడు తిప్పయ్య.

జయరాముడు మళ్ళీ గట్టెక్కాడు. గంగాదేవి తన తల మీది చుట్టగుడ్డ తీసి మొగుడి చేతికిచ్చి, తవ్విన గోడ వారన జానెడు నీడ ఉంటే అక్కడ కూర్చుంది. ఒంటిగంటకు ఇంకా గంట పైనే ఉంది.