పదకొండు గింజలు

వీరయ్య చేటలో బియ్యం చెరుగుతున్నాడు. కుడికంటికి పొర కమ్మింది. మెడ పక్కకు వంచి ఎడమకంటితోనే రాళ్లు ఏరుతాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ముంజేతుల మీద వెంట్రుకలు పొయ్యి సెగకు ఎప్పుడో కాలిపోయాయి.

సూర్యాపేటలోని ఆ కిరాయి ఇంట్లో పదకొండు మంది కాలేజీ పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారు. పట్నంలో గొడవలు ముదిరాయని పెద్దవాళ్లు ఇక్కడ ఉంచారు. వాళ్లకు వండిపెట్టేది వీరయ్య. భార్య కాటమ్మ పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. చివ్వెంలలో గుడిసె ఎప్పుడో కూలిపోయింది. ఈ నాలుగు నెలలుగా రోజూ ఎవరో ఒకరు "తాతా, ఆకలైతుంది" అంటూ వంటింటి గడపలో నిలబడతారు. ఆయనతో ఎవరైనా మాట్లాడేది అప్పుడే.

అది 1947 వానాకాలం. సరిహద్దు అవతల స్వరాజ్యం వచ్చి నెల దాటింది. ఇక్కడ ఇంకా నిజాం రాజ్యమే. చదువు మాని, కోదాడ దాటి, నిజాం మీద కొట్లాడేవాళ్ల అవతలి శిబిరాలకు పోదామని కొందరు, పరీక్షలు రాశాకే ఏదైనా అని కొందరు వారం రోజులుగా వాదించుకుంటున్నారు. ఆ మధ్యాహ్నం రాందాసు వంటింట్లోకి వచ్చాడు.

"తాతా, ఓట్లేస్తున్నం. ఎవలది ఏందో ఎవలకీ తెల్వద్దు. పోదామన్నోడు చింతగింజ ఏస్తడు, ఉందామన్నోడు శనగ్గింజ. లెక్క నువ్వే సూసి చెప్పాలె."

"నేనెందుకు బిడ్డా? నాకు సదువు రాదు."

"గింజలు లెక్కవెట్టనీకి సదువెందుకు? నువ్వు ఎవలి దిక్కూ కాదు."

ఒక ఖాళీ కుండను మధ్యలో పెట్టి, దాని చుట్టూ అందరూ చేరారు. దేవదాసు కళ్లు మూసుకుని, దండం పెట్టుకుని మరీ వేశాడు. హన్మా మాత్రం చూడకుండానే చేతికి దొరికిన గింజ పడేశాడు.

"ఏదైతేంది? మనం ఓటేస్తే రాజు దిగిపోతడా?"

"రేపు దేశమంతా గిట్లనే ఏస్తది. గిప్పుడే సూడకుంట ఏస్తే ఎట్ల?" అన్నాడు రాందాసు.

వీరయ్య కుండను వంటింట్లోకి తెచ్చి, తలుపు దగ్గరగా వేసి, చేటలో బోర్లించాడు. చింతగింజలు ఆరు. శనగలు అయిదు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే.

ఒక చింతగింజ తీసి ఒక శనగ వేస్తే చాలు, పిల్లలు ఉండిపోతారు. దారిలో రజాకార్లున్నారు. రాందాసుకు నిన్నటిదాకా జ్వరం. వీరయ్య డబ్బాలోంచి ఒక శనగ తీసి, అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

పన్నెండో ఏట దొర గడీలో వంటపనికి పంపినప్పుడు ఆయనను ఎవరూ అడగలేదు. పెళ్లికీ అడగలేదు. వయసు మళ్లిందని గడీ నుంచి వెళ్లగొట్టినప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లకు పదకొండు మంది ఒక మాటను ఆయన నోటికి వదిలి, తలుపవతల చప్పుడు చేయకుండా నిలబడ్డారు.

శనగను నోట్లో వేసుకున్నాడు. ఉన్న నాలుగు పళ్లతో దాన్ని నమలడానికి కొంతసేపు పట్టింది.

"పోదామన్నయి ఆరు," అన్నాడు ఖాళీ కుండతో బయటికి వచ్చి.

కొందరు ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. హన్మా కుండ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నీకు ఓటుంటే ఏదేస్తుంటివి తాతా?" రాందాసు అడిగాడు.

"జర ఆగుండ్రి. సద్ది కడ్త," అన్నాడు వీరయ్య.

పొద్దు వాలకముందే ఇద్దరిద్దరుగా కోదాడ దారి పట్టారు. రాందాసు అందరికన్నా చివర వెళ్లాడు. మలుపులో వెనక్కి తిరిగి చూశాడో లేదో, వీరయ్య కంటికి అంత దూరం ఆనలేదు.

పొయ్యి వెలిగించలేదు. పిల్లల గది ఊడ్చాడు. కిటికీ గూట్లో ఎవరిదో పుస్తకం తెరిచి బోర్లించి ఉంది. తీయబోయి ఆగాడు. చదివిన చోటు తప్పిపోతుంది. చుట్టూ మాత్రం తుడిచి, జల్లు కొట్టకుండా కిటికీ మూశాడు.

నీలి అట్ట పుస్తకం, వెన్ను పైకి లేచి, గూట్లో అట్లాగే ఉంది.