కారు తనంతట తానే ఆగుతుంది

మా అక్క మొగుడు స్పోర్ట్స్ కార్లు అమ్మేవాడు. నేను అదే షోరూంలో టెస్ట్ డ్రైవులకు వెంట వెళ్లే డ్రైవర్ని. గోరంతలు కొండంతలు చేయడంలో బావను మించినవాడు లేడు. అందుకే షోరూం అంతా ఆయన్ని బాకా అని పిలిచేది. కొత్త కారు వచ్చాక ఆ బాకాకు ఊపిరి తీసుకునే తీరికే లేకపోయింది.

"మూడున్నర సెకన్లలో వంద దాటుతుంది సార్. సీట్లో కూర్చున్నారంటే మీ ఆవిడ పిలిచినా లేవరు. ఎనిమిది ఎయిర్‌బ్యాగులు. ఎదురుగా మనిషి కనబడితే మీరు బ్రేకు వెయ్యక్కర్లేదు, కారే ఆగుతుంది."

ఆ చివరి మాట నిరూపించడానికి కంపెనీ ఒక స్పాంజి బొమ్మ ఇచ్చింది. షోరూం వెనకున్న ట్రాక్ మీద దాన్ని నిలబెట్టి, దాని మీదికి కారు పోనివ్వాలి. కారు ఆగితే వచ్చినవాళ్లు తలూపేవారు, అంతే. ఒకరోజు బావ బొమ్మను పక్కన పడేసి తనే నిలబడ్డాడు. కారు మోకాళ్లకు మూరెడు దూరంలో ఆగింది, సాయంత్రానికి అమ్ముడుపోయింది. ఇక అదే అలవాటైంది. నేను వద్దనలేదు. అబద్ధమెందుకు, నాకూ సరదాగానే ఉండేది.

ఆ రోజు వచ్చిన కాంట్రాక్టరుకు మలుపుల్లో కారు జారితే ఎలా ఉంటుందో చూడాలని కోరిక. రేస్ బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టాను. అది నొక్కితే కారు జారకుండా పట్టుకునేదీ, తనంతట తాను ఆగేదీ రెండూ పనిచేయవు, మళ్లీ నొక్కేదాకా. ఆయన నడుపుతుంటే రెండు చుట్లు తిరిగాం. ఆయన చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టాడు. తర్వాత తిన్నని దారిలోకి వచ్చాం. అక్కడ బావ చేతులు చాచి, నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"బ్రేకు మీద కాలు పెట్టకండి సార్," అన్నాను. రోజూ చెప్పే మాటే. బటన్ మళ్లీ నొక్కలేదన్న సంగతి బావ పళ్లు కనబడేంత దగ్గరికి వచ్చాకే గుర్తొచ్చింది. అరిచాను. కాంట్రాక్టరు బ్రేకు తొక్కేసరికి బావ అద్దానికి తగిలి అవతల పడ్డాడు.

కాంట్రాక్టరు దిగి సాయం కోసం షోరూం వైపు పరిగెత్తాడు. నేను సీట్లోనే ఉండి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ బటన్ నొక్కాను. తర్వాతే దిగాను. బావ ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

బ్రేకు ఫెయిలైందన్నారు అందరూ. సిగ్గులేకుండా నేనూ తలూపాను. అక్క కంపెనీ మీద కేసు పెట్టింది. రెండు వారాలకు కంపెనీ ఇంజనీరు వచ్చి, కారులోని కంప్యూటర్లో నమోదైనదంతా కాగితం మీద తీసి నా చేతిలో పెట్టాడు. "రేపు ఇది కోర్టుకు వెళ్తుంది. ఆవిడకు ముందే మీరు చెప్పుకుంటే మంచిది," అన్నాడు.

అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. "ఆ కంపెనీని వదలనురా, ప్రాణం పోయినా సరే," అంది. కాగితం ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని రెండుసార్లు చదివింది.

"ఆపేసింది నువ్వేనా?"

"నేనే. మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోయానక్కా."

మర్చిపోయినందుకు నన్ను క్షమించేదేమో. కానీ ఆమె వేలు కింది వరుస దగ్గర ఆగింది: ఢీకొన్న నలభై సెకన్లకు మళ్లీ ఆన్ చేశారు.

"ఈ నలభై సెకన్లూ ఆయనకు తెలివుందా?"

లేదని చెప్పాలనిపించింది. చెప్తే నమ్మేది కూడా.

"ఉందక్కా. నన్నే పిలుస్తున్నాడు."