హార్న్‌లో చెయ్యి

కాఫీ అయినా తాగకుండా బొహ్దానా పొద్దున్నే హార్న్ అనే ఇత్తడి బాకా మీద ఒకే స్వరం పట్టుకుని ఊదుతుంది. కింది ఇంటావిడ ఆ స్వరం ఆగేదాకా చూసి పొయ్యి మీది గుడ్లు దించుకుంటుంది. బొహీమియాలోని ఆ చిన్న ఊరి నాటకశాల వాద్యబృందంలో బొహ్దానా పదకొండేళ్ళుగా మొదటి హార్న్; హార్న్ ఊదేవాళ్ళలో మొదటి కుర్చీ ఆమెదే.

ఫ్రెంచ్ హార్న్ ఊదేవాళ్ళు కుడిచేతిని దాని వెడల్పాటి మూతిలో దూర్చి ఉంచుతారు. చెయ్యి కాస్త మూస్తే స్వరం దిగుతుంది, తెరిస్తే ఎక్కుతుంది. నాటకశాల హార్న్‌లో చెయ్యి పెట్టగానే లోపల ఇంకో చెయ్యి ఆమె చేతిని పట్టుకుంటుంది. అది ఒతకార్‌ది. ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చుని రిటైరైన పెద్దాయన, ఇప్పుడు ఊరి చివర వృద్ధాశ్రమంలో ఉంటున్నాడు. మొదటి కుర్చీ వాళ్ళకే అందే చెయ్యి అది.

"ఒతకార్ గారు ఎలా ఉన్నారు?" అని రిహార్సల్లో అడుగుతారు.

"గోళ్ళు పెరిగాయి," అంటుంది బొహ్దానా.

ఒక్కసారైనా వెళ్ళి చూసిరావాలని ఆమెకు తోచలేదు. రోజూ కలిసే మనిషే కదా.

నిరుటి నుంచి ఆమె పెదవి మాట వినడం లేదు. స్వరం జారినప్పుడల్లా ఆ చల్లటి వేళ్ళే సర్ది పరువు కాపాడుతున్నాయి. ఇంతలో కొత్త సంచాలకుడు వచ్చి మొదటి కుర్చీలన్నిటికీ మళ్ళీ పరీక్ష పెట్టాడు. ఆమె పెదవి అలసిపోకుండా గట్టి భాగాలన్నీ తానే ఊదే సహాయకుడు రదీం కూడా పేరిచ్చాడు.

"నా కుర్చీకే ఎసరు పెట్టావా?"

"మీ వంతు కూడా ఊదీ ఊదీ నాకూ నలభై దాటాయండి."

"అది పోతే నేను బతకలేను, రదీం."

"ఒతకార్ గారు బతకట్లేదా?"



శనివారం ఉదయం, ఊదేది ఎవరో పరీక్షించేవాళ్ళకు కనబడకుండా నల్లతెర కట్టారు. ఆడో మగో అడుగుల చప్పుడుకి తెలిసిపోతుందని అందరిచేతా బూట్లు విప్పించారు. అందరికీ అదే నాటకశాల హార్న్. బొహ్దానా స్వరాల కాగితంలో మూడో వరుస ఊదుతుండగా లోపలి చెయ్యి ఆమె వేళ్ళను నొప్పెట్టేలా నొక్కి, వదిలేసింది. తడుముకుంది. తడి ఇత్తడి తప్ప ఏమీ లేదు. స్వరం పైకి ఎగిరిపోయింది. ఇక చాలని తెర అవతల గంట కొట్టారు.

ఆమె బూట్లు తొడుక్కుంటుంటే ఆఫీసు ఆవిడ వచ్చి, ఒతకార్ ఇప్పుడే పోయాడని చెప్పింది. బొహ్దానా భోరుమంది. ఏడ్చింది కుర్చీ కోసమేనని తెలిసి సిగ్గుపడింది.

వేసవి సెలవులయ్యాక సెప్టెంబరులో నాటకశాల మళ్ళీ తెరిచారు; మొదటి కుర్చీ ఇప్పుడు రదీంది. ఆ సాయంత్రం ఏడింటికి బొహ్దానా పొయ్యి మీద నూనె పెట్టి, అట్లకి బంగాళాదుంపలు తురుముతోంది. కుడిచెయ్యి ఉన్నట్టుండి చల్లబడి, దానంతటదే దోసిలిలా వంగింది. అందులోకి చెమట పట్టిన వేళ్ళు వచ్చాయి. రదీం.

బొహ్దానా చెయ్యి కదపలేదు. తప్పనీ, నలుగురిలో అతని స్వరం తప్పనీ అనుకుంది. వేళ్ళు వణుకుతూ ఆమె కోసం వెతికాయి. పదకొండేళ్ళు ఆ ముసలాయన రాత్రి తిండి నాటకం ముగిశాకే తినేవాడని ఆమెకు అప్పుడు తట్టింది.

నెమ్మదిగా గుప్పిట మూసింది. వణుకు తగ్గింది.

నూనె పొగలు కక్కుతోంది. కుడిచెయ్యి కాస్త జరిపినా పట్టు జారుతోంది, ఎడమచేతికి పొయ్యి అందలేదు. చెయ్యి లాక్కుంటే రదీం స్వరం తప్పుతుంది. నాటకంలో ఇంకా రెండు అంకాలున్నాయి.