తలుపున్న గది

"ఇంట్లోనే ఉన్నావుగా, రెండు జామకాయలు కోసి పెట్టు."

ఆ మాట అనేసి యూరోంగ్ భర్త చెంగ్‌యాన్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అప్పుడు ఎనిమిదీ పది. ఎనిమిదీ ఇరవైకి యూరోంగ్ ఎనిమిదో తరగతికి లెక్కల క్లాసు మొదలుపెట్టాలి. ఆమె జామకాయలు కోసింది. మధ్యలో గింజల గుజ్జు తీసేసింది, గింజలు అతని పళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి కాబట్టి. పైన పుల్లటి ప్లమ్ పొడి చల్లి, తలుపు తట్టి ప్లేటు అందించి, పరుగున వచ్చి వంటింటి బల్ల ముందు కూర్చుంది.

కరోనా వల్ల బడులు మూసి మూడు వారాలైంది. యువాన్‌లిన్ పట్నంలోని ఆ ఫ్లాటులో కుదురుగా కూర్చుని పని చేసుకోవడానికి ఒక్కటే గది. మొదటిరోజే చెంగ్‌యాన్ తన కంప్యూటర్ అందులో పెట్టుకున్నాడు. "నాకు మీటింగులుంటాయి. నీది పిల్లలకు చెప్పడమేగా, ఎక్కడ కూర్చున్నా ఒకటే" అన్నాడు. అతనికి మీటింగు రోజుకొకటి, మధ్యాహ్నం మూడింటికి. ఆమెకు క్లాసులు ఐదు, పొద్దుటినుంచీ. వెనక పొయ్యి కనిపించకుండా ఆమె స్క్రీన్ మీద పుస్తకాల అలమరా బొమ్మ పెట్టుకుంది. రైస్ కుక్కర్ ఆవిరి వదిలినప్పుడల్లా ఆ అలమరాలో ఆమె చెవి ఒకటి మాయమయ్యేది.

"లేవండి! నమస్కారం!" అని క్లాసు లీడర్ బోరుయి బడిలో అరిచినట్టే అరిచాడు. ముప్పై గడుల్లో ముప్పై మందీ లేచారు. ముఖాలు పైకెళ్లిపోయి యూనిఫాం చొక్కాల కింద పైజామాలు, పూల నిక్కర్లు కనిపించాయి. బడిలోనైతే యూరోంగ్ కూడా నిలబడి తల వంచేది. ఇక్కడ లేవదు. లేస్తే నడుముకున్న ఏప్రన్ కనిపిస్తుంది.

మొదటి వారంలోనే ఆమె నియమాలు రాసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. కెమెరా తెరిచి ఉండాలి, మాట్లాడాలంటే చెయ్యెత్తాలి, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురాకూడదు, ఎవరినీ ఎగతాళి చెయ్యకూడదు. చెంగ్‌యాన్ అది చూసి "పోలీసు స్టేషన్ పెట్టావా ఏంటి?" అని నవ్వాడు. అతను నవ్వినా పిల్లలు మాత్రం దారిలో పడ్డారు, మంగళవారం దాకా.

మంగళవారం ఆమె ఒక లెక్క ఇచ్చి, మైకు మూయడం మరిచిపోయింది. అత్తగారు తుడిచే కర్రతో వచ్చి, "యూరోంగ్! పులుసు పొంగుతోంది చూడు! రోజంతా ఆ డబ్బాతో కబుర్లేనా?" అంది. గదిలోంచి చెంగ్‌యాన్ గొంతు, "బడికి వెళ్లే పని కూడా లేదు కదమ్మా. అయినా తనకి ఇంట్లో పని కనపడదు!"

ముప్పై ఇళ్లలో ఆ మాటలు వినిపించాయి. కాయ్‌వెన్ అనే కుర్రాడు వెంటనే చాట్‌లో రాశాడు, "టీచర్, పులుసు పొంగుతోందట!" బుధవారం హోంవర్క్ ఏదిరా అంటే "మా ఇంట్లో కూడా పులుసు పొంగింది టీచర్" అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. పన్నెండేళ్లుగా క్లాసులో ఆమె గొంతు పెంచాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు అరిచింది. ఎవరూ వినలేదు.

మధ్యాహ్నానికి, బడిలో విద్యావిభాగం చూసే లాయ్ సర్ ఫోన్ చేశాడు. "మీ క్లాసు అదుపు తప్పుతోందని ఒక తల్లి చెప్పింది. రేపు రెండో పీరియడ్‌లో నేనొచ్చి కూర్చుంటాను. వచ్చే ఏడాది కాంట్రాక్టు సంగతి కూడా తేల్చాలి కదా, టీచర్."

పన్నెండేళ్లుగా ఏటా తేలుతున్న కాంట్రాక్టే. ఈసారి తేలకపోతే అత్తగారి మాట నిజమైపోతుంది, రోజంతా ఇంట్లోనే.

ఇంకో పని మిగిలింది. జిచింగ్ అనే అమ్మాయి మూడు రోజులుగా కెమెరా తెరవడం లేదు, పిలిస్తే పలకడం లేదు. యూరోంగ్ ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టింది. ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ ఎత్తింది.

"కెమెరానా? దాని చేతులు ఖాళీగా ఉంటేగా! తమ్ముడికి అన్నం పెట్టాలి, వాడి క్లాసు వాడికి పెట్టివ్వాలి, గిన్నెలు తోమాలి. అయినా ఇంట్లోనే ఉందిగా టీచరమ్మా, పాఠం చెవిన పడుతూనే ఉంటుంది."

ఇంట్లోనే ఉందిగా. యూరోంగ్ ఫోన్ పెట్టేసింది. చిన్నప్పుడు తమ ఊరు షెతోవ్‌లో తన అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఫ్యాక్టరీవాళ్ల మేజోళ్లకు కొసలు కుట్టేది. పక్కన మేజోళ్ల గుట్ట, ఒళ్లో చెల్లెలు, పొయ్యి మీద గంజి. ఎవరైనా అడిగితే నాన్న "ఆవిడకేం, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు. ఐదో తరగతిలో బడివాళ్లిచ్చిన కాగితంలో తల్లి వృత్తి అన్న చోట నింపింది మాత్రం నాన్న కాదు, యూరోంగే. ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఏమీ లేదు' అని రాసింది. అమ్మ అది చదివింది. సూది గుచ్చుకుని గుడ్డపీలిక చుట్టిన వేళ్లతో, కింద సంతకానికి బదులు తన పేరున్న ముద్ర వేసింది. ఆ మేజోళ్లతోనే యూరోంగ్ ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషైంది. చదివి ఏం నేర్చుకుంది? జిచింగ్ పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టడం.

ఆమె ఆ గుర్తు చెరిపేసింది.

గురువారం రెండో పీరియడ్‌లో లాయ్ సర్ చేరాడు. పావుగంట బాగానే గడిచింది. అప్పుడు గది తలుపు తెరుచుకుంది.

"యూరోంగ్! జామకాయలేవి?"

అలవాటు కొద్దీ ఆమె వేలు మైకు బొత్తాం మీదికి వెళ్లింది. నొక్కితే లాయ్ సర్‌కు పుస్తకాల అలమరా, దాని ముందు నవ్వుముఖం తప్ప ఇంకేమీ తెలియదు. కాంట్రాక్టు పదిలం. వేలు వెనక్కి తీసుకుంది. అలమరా బొమ్మ తీసేసింది. పొయ్యి, కుక్కర్, తుడిచే కర్రతో అత్తగారు, పైన ఆఫీసు చొక్కా, కింద నిక్కరుతో గుమ్మంలో చెంగ్‌యాన్, అన్నీ స్క్రీన్ మీదికి వచ్చాయి.

"చెంగ్‌యాన్, క్లాసు నడుస్తోంది. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి."

"ఏంటీ?"

"ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురాకూడదు. జామకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, కత్తి సింకు పక్కనుంది." ఆమె స్క్రీన్ వైపు తిరిగింది. "పిల్లలూ, ఇది మా వంటిల్లు. నా బడి కూడా ఇదే. నిన్న మీరు నవ్వింది రెండు పనులు ఒకేసారి చేస్తున్న మనిషిని చూసి. ఇకమీద ఈ క్లాసులో ఎవరి చేతిలో ఏ పనున్నా దాచుకోనక్కర్లేదు. సిగ్గుపడాల్సింది పనిచేసేవాళ్లు కాదు."

కాయ్‌వెన్ తల దించుకున్నాడు. తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది. అంతలో నాలుగు రోజులుగా నల్లగా ఉన్న గడి ఒకటి తెరుచుకుంది. సింకు, గిన్నెలు, వాటి మధ్య నుంచి నురుగంటిన చెయ్యి ఒకటి పైకి లేచింది.

"టీచర్, మూడో లెక్కకి మైనస్ రెండు," అంది జిచింగ్.

సరైన జవాబే.

క్లాసయ్యాక లాయ్ సర్ ఫోన్. "ఇంటి గొడవలు క్లాసులో ఎందుకు టీచర్? నేనేమని రాయను?"

"క్లాసు అదుపులో ఉందో లేదో చూడ్డానికొచ్చారు కదా సర్. ఆ తర్వాత ఎవరైనా అడ్డం మాట్లాడారా?"

"లేదనుకోండి, అయినా..."

"అదే రాయండి సర్. మిగతాది రాసినా కాదనను."

చెంగ్‌యాన్ భోజనాల దాకా ఆగాడు. "పిల్లల ముందు నా పరువు తీశావు."

"నాది నువ్వు మంగళవారమే తీశావు," అంది యూరోంగ్. "ఆ పిల్లల ముందే."

అత్తగారు తన గిన్నె తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది.

శుక్రవారం చెంగ్‌యాన్ లేచేసరికి అతని కంప్యూటర్ వంటింటి బల్ల మీద ఉంది, తీగలు చక్కగా చుట్టి. గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. "లేవండి! నమస్కారం!" అని బోరుయి అరిచాడు. ముప్పై మందీ లేచారు. మూడు వారాల్లో మొదటిసారి వాళ్లతో పాటు టీచరూ లేచి నిలబడి తల వంచింది.

తలుపు బయట పిడికి ఆమె ఏప్రన్ వేలాడుతోంది. జామకాయ కావలసినవాళ్లు కట్టుకోవచ్చు.